చెట్టు మీది హోటలు

పిల్లలూ! మీ ఊళ్ళో ఆవుగాని గేదెగాని ఉంటే, ఎప్పుడయినా మీ అరచెయ్యి దాని మూతి దగ్గర పెట్టి చూశారా? గరుకు నాలుకతో పరపరా నాకేస్తుంది. నా మీద ఎంత ప్రేమో అని మనం మురిసిపోతాం. ప్రేమ ఉంటే ఉండవచ్చు, కాదనను. కాని దానికి అసలు కావలసింది మీ చేతికి పట్టిన చెమట. చెమటలో ఉప్పు ఉన్నది. గడ్డిలోనూ, ఆకులలోనూ ఉప్పు బహు కొంచెం. అందుకే గడ్డి తినే జంతువులన్నిటికీ ఉప్పుమీద యావ. కుడితిలో గుప్పెడు ఉప్పు వెయ్యాలని మీ అమ్మమ్మకు ఎవరూ పుస్తకం చదివి చెప్పలేదు, అయినా ఆవిడకు తెలుసు.

ఈ నెల మిమ్మల్ని ఒక హోటలుకు తీసుకుపోతాను. అది పట్నంలో లేదు; ఆఫ్రికా ఖండంలో, కెన్యా దేశంలో, అబర్డేర్ కొండల అడవిలో ఉన్నది. గుప్పెడు ఉప్పు లేకపోతే ఆ హోటలే లేదు. ఎందుకో మీకే తెలుస్తుంది.

దాని పేరు ట్రీటాప్స్, అంటే చెట్ల చివళ్ళు అని. ఎరిక్ వాకర్ అనే ఆంగ్లేయుడు న్యేరి అనే ఊళ్ళో ఔట్‌స్పాన్ అనే హోటలు నడిపేవాడు. ఆయన భార్యకు, పీటర్ పాన్ కథలో మాదిరిగా చెట్టు మీద ఒక ఇల్లు ఉంటే బాగుండునని కోరిక పుట్టిందట. 1932లో ఆయన అడవిలో ఒక నీటి మడుగు పక్కన, పెద్ద చెట్టు కొమ్మల నడుమ, రెండు గదుల ఇల్లు కట్టించాడు. ఆ చెట్టును అక్కడివారు ముగుమో అంటారు. మన మర్రి, రావి, మేడి ఏ జాతివో అదీ ఆ జాతిదే. మొదట్లో బుధవారం రాత్రులు మాత్రమే, అదీ ఔట్‌స్పాన్‌లో దిగినవారిలో సరదాపడ్డవారినే అక్కడికి పంపేవారు.

మీలో పల్లెటూరి పిల్లలు ఇప్పటికే నవ్వుకుంటూ ఉండాలి. జొన్నచేలో కాపలాకు మనవాళ్ళు కట్టే మంచె ఇదే గదా! అవును, మంచె. మంచె ఎత్తున ఉండడంలో ఒక కిటుకు ఉన్నది. అడవి మృగాలకు కంటికన్న ముక్కు మిన్న. నేలమీద మనిషి నిలబడితే గాలివాటుకు వాసన తగిలి ఆమడదూరంలోనే మళ్ళిపోతాయి. ముప్ఫయి అడుగుల ఎత్తున ఉన్నవాడి వాసన వాటి తలల మీదుగా గాలిలో కొట్టుకుపోతుంది. వాకర్ దొర కట్టించింది, మెత్తని పరుపులూ వేడి టీ ఉన్న మంచె.

మీరూ, మీ చెల్లెలూ, అమ్మా, నాన్నా, అమ్మమ్మా కలిసి అక్కడికి వెళ్ళారనుకోండి. ఏ సంవత్సరం అనుకుందాం? 1965 అనుకుందాం. అంతకు ముందు ఎందుకు కాదంటే, కెన్యా 1963 డిసెంబరు 12న స్వతంత్రమయింది. తెల్లవారి పాలనలో అక్కడి మంచి హోటళ్ళు చాలావరకు తెల్లవారికే. మీ నాన్న ఎంత డబ్బు పెడతానన్నా లాభం లేదు. అందుచేత 1965.

నైరోబీ నుంచి మోటారులో ఉత్తరంగా సుమారు తొంభై మైళ్ళు వెడితే న్యేరి వస్తుంది. ఔట్‌స్పాన్‌లో మధ్యాహ్నం భోజనం చేస్తారు. పెట్టెలన్నీ అక్కడే వదిలేసి, ఒక రాత్రికి కావలసిన బట్టలు మాత్రం చిన్న సంచిలో పెట్టుకోవాలి. స్వెట్టర్ పెట్టుకోమని హోటలువారు చెపుతారు. భూమధ్యరేఖ ఇక్కడికి అర డిగ్రీ దూరం లేదే, స్వెట్టర్ ఎందుకని మీరు అడుగుతారు. మంచి ప్రశ్నే. ట్రీటాప్స్ ఉన్న చోటు సముద్రమట్టానికి ఆరువేల నాలుగు వందల అడుగుల పైన. వెయ్యి అడుగులు పైకి పోయినకొద్దీ సుమారు రెండు డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగ్గుతుంది. పన్నెండు డిగ్రీలు తగ్గాక రాత్రిపూట ఎలా ఉంటుందో లెక్క వేసుకోండి. అక్కడినుంచి కనిపించే కెన్యా పర్వతం 5,199 మీటర్ల ఎత్తు. రేఖ పక్కనే ఉన్నా దాని శిఖరాన మంచుగడ్డలు ఉన్నాయి.

అడవిలో కొంత దూరం వెళ్ళాక మోటారు ఆగిపోతుంది. తక్కినది నడక. ముందు తుపాకి పట్టుకున్న వేటగాడు. ఆయన అందరినీ నిలబెట్టి మెల్లగా చెపుతాడు: మాట్లాడవద్దు, చెదిరిపోవద్దు, ఏనుగో ఖడ్గమృగమో ఎదురయితే పరుగెత్తవద్దు, దగ్గరలో ఉన్న నిచ్చెన ఎక్కండి. దారిపొడుగునా అక్కడక్కడ చెట్ల మానులకు మెట్లు కొట్టి ఉంచారు. అమ్మమ్మ ఆ మెట్లకేసి, వేటగాడికేసి, మీ నాన్నకేసి వరసగా చూస్తుంది. ఆ చూపులకు అర్థం మీకు తెలుసు. మరీ చిన్నపిల్లలను ఇక్కడికి రానివ్వరు. రాత్రి ఒక్క ఏడుపు వినిపిస్తే వంద ఏనుగులు మాయమవుతాయి మరి.

మీరు ఎక్కేది మొదటి ఇల్లు కాదు. అది ఏమయిందో తరువాత చెపుతాను. ఇది 1957లో కట్టిన రెండవది. పెద్ద కొయ్యస్తంభాల మీద, బతికి ఉన్న చెట్లను కలుపుకుని కట్టారు. గదిలో నడుస్తూ ఉంటే నేలలోనుంచి పైకి పోయిన చెట్టుమాను అడ్డం వస్తుంది. గదులు రైలుపెట్టెలో అరల మాదిరి ఇరుకు. డాబుసరి హోటలు అనుకుని వచ్చినవారు మొదట మొహం వేలవేస్తారు. ఇక్కడ డబ్బు పోసి కొనుక్కునేది గది కాదు, కిటికీ.

సాయంత్రం మేడపైన టీ ఇస్తారు. మీ చెల్లెలు కేకు ముక్క నోటిదాకా తీసుకుపోయేలోపల బబూన్ కోతి ఒకటి లాక్కుని రెండు గంతుల్లో కప్పు అంచున కూర్చుంటుంది. చెల్లెలు కేక పెట్టబోతే అమ్మ నోరు మూసేస్తుంది. కోతికి మాత్రం ఆ నిబంధన లేదు, కిచకిచలాడుతూనే తింటుంది.

ఇక మడుగు చూడండి. మడుగు ఒడ్డున మట్టి బూడిదరంగుగా, గుంటలుగుంటలుగా ఉన్నది. హోటలువారు అక్కడ ఉప్పు చల్లుతూ ఉంటారు. జంతువులు నీటికి మాత్రమే రావాలంటే ఇంకా చాలా వాగులున్నాయి. ఉప్పుకోసం మాత్రం ఇక్కడికే రావాలి. మొదట లేళ్ళు వస్తాయి, అడుగుకొకసారి ఆగి, చెవులు తిప్పి, మళ్ళీ అడుగు వేస్తూ. తరువాత అడవిపందులు. చీకటి పడే వేళకు అడవిదున్నలు మందగా వచ్చి, నాలుకలతో మట్టిని నాకుతూ నిలబడతాయి. మీ ఆవు మీ అరచెయ్యి నాకినట్టే.

చీకటి పడ్డాక ఒక దీపం వెలుగుతుంది. దానికి హోటలువారి పేరు ‘చంద్రుడు’. వెన్నెలవంటి మసక వెలుతురు, ఎక్కడా మిణుకుమనదు, కదలదు. జంతువులు కదిలే దీపానికి బెదురుతాయిగాని కదలని వెలుతురును కొన్నాళ్ళకు లెక్కచెయ్యవు. అమావాస్యనాడు కూడా ఇక్కడ పున్నమే.

ఏనుగులు ఎప్పుడు వచ్చాయో మీకు తెలియదు. ఇదే అందరూ చెప్పేమాట. అంత పెద్ద జంతువు, అయిదారు టన్నుల బరువు, కొమ్మ విరిగిన చప్పుడయినా లేకుండా వచ్చి నిలబడుతుంది. పాదం కింద మెత్తని కొవ్వుదిండు ఉండటంచేత అడుగు చప్పుడు కాదు. ఒక్క క్షణం క్రితం ఖాళీగా ఉన్న చోట నీడలు; చూస్తూ ఉండగా నీడలకు చెవులు మొలుస్తాయి. ముందు ఒక ముసలి ఆడఏనుగు. ఏనుగుల మందకు పెద్దదిక్కు ఎప్పుడూ ముసలి ఆడఏనుగే. అమ్మమ్మకు ఈ సంగతి చెప్పండి, ఆవిడకు అప్పటిదాకా ఉన్న విసుగు పోతుంది.

అది తొండం చాచి మట్టిని తడివి, ముందరి కాలితో తన్ని గుల్లచేసి, ఆ పొడిని తొండం కొసతో ఏరి నోట్లో వేసుకుంటుంది. తరువాత నీళ్ళు. ఒక్క పీల్పుకు ఎనిమిది లీటర్ల దాకా తొండంలో పడతాయి. తొండంతో తాగదు, పీల్చి నోట్లో పోసుకుంటుంది. నెలల పిల్లకు తొండం ఎలా వాడాలో ఇంకా తెలియదు. అది మోకాళ్ళమీద వంగి నోటితోనే తాగుతుంది, మధ్యలో తన తొండం తానే తొక్కుకుంటుంది. అప్పుడు నవ్వు ఆపుకోవడం ఆ రాత్రికి మీకు అన్నిటికన్న కష్టమయిన పని.

ఉన్నట్టుండి మంద అంతా ఒక్కసారిగా నిలిచిపోతుంది. చెవులు విప్పి, తొండాలు ఎత్తి, బొమ్మల మాదిరిగా. మీకు ఏ చప్పుడూ వినపడలేదు. మరి వాటికి ఏం వినిపించింది? దీనికి జవాబు 1965లో ఎవరికీ తెలియదు. 1984లో కేటీ పేన్ అనే శాస్త్రజ్ఞురాలు అమెరికాలో పోర్ట్‌లండ్ నగరపు జూలో ఏనుగుల దగ్గర నిలబడి ఉండగా, చప్పుడు లేకుండానే గాలిలో ఏదో అదురు ఉన్నట్టు ఆమెకు తోచింది. చర్చిలో పెద్ద వాద్యపు అడుగుస్వరం మోగినప్పుడు గుండెల్లో అదిరే అదురు లాంటిది. ఆ గాలిని రికార్డు చేసి, వేగం పెంచి వింటే, ఏనుగుల మాటలు బయటపడ్డాయి! మన చెవి సెకనుకు ఇరవై కంటే తక్కువ కంపనాలను వినలేదు. ఏనుగులు అంతకన్న తక్కువ స్వరంలో, మైళ్ళ దూరాన ఉన్న చుట్టాలతో మాట్లాడుకుంటాయి. ట్రీటాప్స్‌లో యాభై ఏళ్ళపాటు మనుషులు నోరు మూసుకుని నిశ్శబ్దం అనుకుంటూ కూర్చున్నారు. కింద మాత్రం సంభాషణ జరుగుతూనే ఉన్నది.

ఉప్పు సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. కెన్యాకు పడమటి సరిహద్దున ఎల్గన్ అనే కొండ ఉన్నది. అందులో కిటుమ్ అనే గుహలోకి ఏనుగులు రాత్రిపూట కటికచీకట్లో, తొండాలతో దారి తడుముకుంటూ లోపలికి పోతాయి. అక్కడి గోడల రాయిలో ఉప్పు లవణాలున్నాయి. దంతాలతో ఆ గోడలను పెళ్ళగించి, రాతిముక్కలు నమిలి వస్తాయి. తరతరాలుగా ఇలా తవ్వడంవల్ల ఆ గుహే పెద్దదయింది. ఉప్పు కోసం కొండ తవ్వే జంతువు ఇంకొకటి మనిషే.

ట్రీటాప్స్‌లో గదిలో నిద్రపోయేవారికోసం బజరు ఉన్నది. అది ఎన్నిసార్లు మోగితే ఏ జంతువు వచ్చిందో గుర్తు. దుమ్ములగొండికి లేవాలా, పడుకోవాలా అన్నది ఎవరి ఇష్టం వారిది. ఖడ్గమృగం అనగానే మాత్రం అందరూ దుప్పట్లు కప్పుకుని కిటికీల దగ్గరకు పరుగెత్తేవారు. ఆ రోజుల్లో అవి తరచు వచ్చేవి. 1970 ప్రాంతాన కెన్యాలో సుమారు ఇరవైవేల నల్ల ఖడ్గమృగాలుండేవి. కొమ్ముకోసం చంపగా చంపగా, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి నాలుగు వందలు కూడా మిగలలేదు. తరువాత గట్టి కాపలా పెట్టాక మెల్లగా పెరుగుతున్నాయి.

ఇప్పుడు మొదటి ఇంటి కథ. 1952 ఫిబ్రవరి 5న ఆ చెట్టెక్కడానికి ఒక అతిథి వచ్చింది: బ్రిటిషు రాజు ఆరవ జార్జి పెద్దకూతురు ఎలిజబెత్, వయసు ఇరవైఅయిదు, వెంట భర్త ఫిలిప్. ఆనాడు చెట్టు చుట్టూ నలభైకి పైగా ఏనుగులు. పిల్లలతో ఉన్న తల్లులు, చిరాకుగా ఉన్నాయి. ప్రమాదమని తెలిపేందుకు పైన ఒక తెల్లని తలగడ గలేబు ఎగరేశారు. అయినా రాకుమారి నిదానంగా నడిచి వచ్చి ముప్ఫయి అడుగుల నిచ్చెన ఎక్కేసింది.

ఆ నిచ్చెన దగ్గర కాపలా కూర్చున్న ముసలాయన ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. జిమ్ కార్బెట్! నైనీతాల్‌లో పుట్టి, కుమావూ కొండల్లో మనుషులను తినే పులులను వేటాడి, తరువాత తుపాకికన్న కెమెరాయే మేలన్న మనిషి. 1947లో అక్కతో సహా న్యేరికి వలసపోయాడు. ఆయనకప్పుడు డెబ్బయ్యారేళ్ళు. రాత్రంతా తుపాకి పట్టుకుని నిచ్చెన పైమెట్టు దగ్గరే కూర్చున్నాడు, చిరుత ఎక్కి వస్తుందేమోనని.

ఆ రాత్రే లండనుకు దూరంగా సాండ్రింగమ్ భవనంలో రాజు నిద్రలోనే చనిపోయాడు. కెన్యాలో ఎవరికీ తెలియదు. తెల్లవారి ఆ అమ్మాయి ఖడ్గమృగాలకు ఫొటోలు తీసి, ఉల్లాసంగా చెట్టు దిగింది. మధ్యాహ్నం సగానా అనే చోట ఉండగా, ముందు ఒక పత్రికా విలేఖరి నోట ఆ వార్త వచ్చి, చివరకు భర్త ఆమెకు చెప్పాడు. రాకుమారిగా చెట్టెక్కి రాణిగా దిగిన సంగతిని కార్బెట్ అక్కడి అతిథుల పుస్తకంలో రాశాడు. ఆ రాణి 2022 సెప్టెంబరు 8న కన్నుమూసేదాకా, డెబ్బయ్యేళ్ళు రాజ్యం చేసింది.

ఈ కథ ఇక్కడితో ఆపితే వినడానికి బాగానే ఉంటుంది. చాలా పుస్తకాలు ఇక్కడే ఆపుతాయి. కాని ఆ అడవి చుట్టూ ఎవరుండేవారు? కికుయు ప్రజలు. ముగుమో చెట్టు వారికి పవిత్రం. మన రావిచెట్టు కింద మనం చేసినట్టే దాని కింద వాళ్ళు ప్రార్థన చేస్తారు. ఆ కొండసీమలో మంచి భూములను తెల్లదొరలకు పంచిపెట్టి, వాటి యజమానులను అక్కడే కూలీలుగా మార్చారు. రాకుమారి వచ్చిన ఏడే, అక్టోబరులో, ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. కికుయు యువకులు వేలమంది అబర్డేర్ అడవుల్లో చేరి పోరాడారు. ఆ ఉద్యమాన్ని మౌమౌ అంటారు. ట్రీటాప్స్ ఎత్తయిన చోటు గనుక సిపాయిలు దాన్ని గస్తీకి వాడారు. 1954 మే 27న ఉద్యమకారులు దానికి నిప్పు పెట్టారు. ఇల్లూ, చెట్టూ బూడిదయినాయి.

ఆ పోరాటంలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేలమందికి పైగా ఆఫ్రికనులు చనిపోయారు. నిర్బంధ శిబిరాల్లో చిత్రహింసలు జరిగాయని 2013లో బ్రిటిషు ప్రభుత్వం విచారం తెలిపి, అప్పటికి బతికి ఉన్న అయిదువేల చిల్లరమందికి పరిహారం ఇచ్చింది. చెట్టు తగలబెట్టడం మంచిదా చెడ్డదా అని మీ చెల్లెలు అడిగితే ఏమంటారు? నాకయితే చెట్టును తలచుకుంటే బాధగానే ఉన్నది. కాని తమ దేవుడి చెట్టు మీద పరాయివాడు హోటలు కట్టి, తమను మాత్రం వంటవాడిగానే ఎక్కనిస్తే ఎలా ఉంటుందో అదీ తలచుకోవాలి గదా.

రెండవ ఇంటికి శత్రువు మనిషి కాదు, ఉప్పే! ఉప్పుకోసం ఏనుగులు ఏడాది పొడుగునా ఒకేచోట చేరేసరికి, చుట్టుపక్కల చెట్ల బెరడు ఒలిచి, మొక్కలు విరిచి, అడవిని బయలు చేశాయి. 1952 నాటి ఫొటోలలో చిక్కగా ఉన్న అడవి, తరువాతి ఫొటోలలో గడ్డిమైదానంలాగుంది. చూడటానికి పిలిచినవారే చూడవలసినదాన్ని పోగొట్టుకున్నారన్నమాట. మరొక పక్క జనం పెరిగి పొలాలు అడవి అంచుకు వచ్చాయి. ఒక్క రాత్రి ఏనుగుల మంద మొక్కజొన్నచేలో పడితే రైతుకు ఆ ఏడు తిండి లేదు. చివరకు 1989లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు శ్రమపడి, 2009 నాటికి అబర్డేర్ అడవుల చుట్టూ సుమారు నాలుగు వందల కిలోమీటర్ల కరెంటు కంచె వేశారు. తగిలితే చురుక్కుమంటుంది, చంపదు. ఇటు రైతు నిద్రపోతున్నాడు, అటు చెట్లు కొట్టేవాళ్ళకు దారి మూసుకుపోయింది.

ట్రీటాప్స్ మాత్రం కరోనా రోజుల్లో యాత్రికులు లేక 2021లో మూతపడింది. అప్పుడు మెట్లమీద ధూళి, గదుల్లో ఖాళీ మంచాలు మిగిలాయి.

కార్బెట్ 1955లో న్యేరిలోనే పోయాడు. స్కౌటు దళాలను స్థాపించిన బేడెన్ పావెల్ సమాధి ఉన్న శ్మశానంలోనే ఆయన సమాధి కూడా. మీలో స్కౌట్లు ఎవరయినా ఉంటే, పావెల్ సమాధిరాతి మీద ఏ గుర్తు చెక్కారో చెప్పగలరా? సున్న చుట్టి మధ్య ఒక చుక్క. స్కౌటు దారిగుర్తుల్లో దానికి అర్థం: ఇంటికి వెళ్ళిపోయాను.

ఈ నెల మీకొక పని. వేసవి రాత్రి డాబా మీదనో, పెరట్లోనో, మీ ఇంటిల్లిపాదీ దీపాలార్పి అరగంటసేపు ఒక్క మాట లేకుండా కూర్చోండి. పక్కన ఒక పళ్ళెంలో నీళ్ళు పెట్టండి. ఏమేమి వచ్చాయో, ఏమేమి వినిపించాయో, ముందుగా ఎవరు మాట్లాడారో రాసి పంపండి. మా ఇంట్లో పదకొండో నిమిషాన మా అమ్మ మాట్లాడింది, దోమతో.